టైపిస్టు గేట్లు ఎత్తిందా?

మాజీ దేశాధ్యక్షుడి పేరు మీద కట్టిన మ్యూజియం చూడాలని అడిగింది మా వదినే. వదినంటే మా ఆవిడకు స్వయానా అక్క. అది తెరిచిన దగ్గర్నుంచీ "అక్కడేముంది, బూజు" అని మూతి తిప్పిన మనిషి, మా ఆవిడ పోయిన ఏడాదికి ఫోన్ చేసి, "మరిదిగారూ, నన్నొకసారి తీసుకెళ్తారా? ఒక్కదాన్నీ వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు" అంది.

ఎందుకో నాకు తెలుసు. అక్కాచెల్లెళ్ల గుసగుసల్లో నా చెవిన పడిన సంగతే. వదిన ఒకప్పుడు ఆయన కార్యాలయంలో టైపిస్టు. ఆ రోజుల్లో ప్రభుత్వం హెచ్చరిక లేకుండా ఆనకట్ట గేట్లు ఎత్తడంతో దిగువన ఇళ్లు కొట్టుకుపోయాయి. ఆయన రేడియోలో క్షమాపణ చెప్పారు. ఆ ప్రసంగంలో "మేము పొరబడ్డాం" అని టైపు కొట్టాల్సిన చోట వదిన "మనం పొరబడ్డాం" అని కొట్టింది. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన మనిషి. ఆ ఇంట్లో "మేము" అంటే వేరు కాపురం పెట్టినట్టే. కానీ ఇక్కడ ఆ "మనం" ఇళ్లు పోయినవాళ్లను కూడా తప్పులో కలిపేసింది.

ఆయన "మనం పొరబడ్డాం" అని చదివారు. ఆగారు. "కాదు. మేము పొరబడ్డాం. మీరు కాదు" అన్నారు. ఆ ఆగడాన్ని దేశమంతా మెచ్చుకుంది. వదిన మాత్రం అందరి ముందూ ఆయన్ని తడబడేలా చేశానని కుమిలిపోయి ఉద్యోగం మానేసింది. ఆయన తిట్టలేదు, అడగనూ లేదు. మనసులో ఏమనుకున్నారో తెలియకపోవడమే ఆమెను తినేసింది.

ఆయన గదిని ఉన్నదున్నట్టు ఉంచారు. వచ్చినవాళ్లకు మెత్తటి కుర్చీ, ఆయనకు చెక్క కుర్చీ. ఎంత మర్యాద అన్నాను.

"మర్యాదేం కాదు. మెత్తగా ఉంటే నిద్రొస్తుందనేవారు" అంది వదిన. దగ్గరికెళ్లి చూసి, "కుర్చీ రోజూ తుడవరు కాబోలు" అని నొచ్చుకుంది.

పక్క హాల్లో గైడు ఒక గుంపుకు చెబుతున్నాడు: "ముందు ప్రజల్ని తనలో కలుపుకున్నారు, తర్వాత తప్పంతా తన నెత్తిన వేసుకున్నారు. వక్తృత్వానికి పరాకాష్ఠ!"

"పరాకాష్ఠ కాదు, నా తలకాయ" అంది వదిన నా చెవిలో. వచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకోవలసి వచ్చింది.

లైబ్రరీ పై అంతస్తులో ఉంది. ఆ ప్రసంగం వినాలని అడిగితే, అక్కడి అమ్మాయి ముందు వదినకు కుర్చీ జరిపింది, తర్వాతే జవాబు చెప్పింది. "ప్రసారమైనంత వరకేనా, స్టూడియోలో రికార్డయిన మొత్తం టేపా? ఈమధ్యే బాగుచేశాం."

వదిన నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "మొత్తం" అన్నాను.

"మీకేం, మీరు కొట్టలేదుగా. తిట్టుంటేనో?"

"తిట్టుంటే ఇద్దరం తిందాం తిట్లు."

చెరో హెడ్‌ఫోను పెట్టుకున్నాం. కాగితాల గలగల, ఒక దగ్గు. తర్వాత ఆయన గొంతు, పక్కనున్నవారితో అన్నట్టు: "ఇక్కడ 'మనం' అని పడిందే."

"సరిచేయమంటారా సార్? టైపిస్టు పొరపాటు."

వదిన కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఉండనీ. ముందు ఇదే చదువుతాను. ఎవరికైనా నోటికొచ్చే మాట ఇదే కదా. తర్వాత దిద్దుకుంటాను. నేను దిద్దుకోవడం వాళ్లు వినాలి."

"ఆవిడకి ఒక మెమో ఇద్దామా సార్?"

"ఎందుకయ్యా? టైపిస్టు గేట్లు ఎత్తిందా?"

అంతే. గొంతు సవరించుకుని ప్రసంగం మొదలుపెట్టారు. వదిన తడబాటనుకున్నది, దేశమంతా వక్తృత్వమనుకున్నది, రెండూ కాదు; ఒక పెద్దమనిషి పక్కవాళ్ల పొరపాటును భుజాన వేసుకుని, దాన్నే పనికొచ్చేలా చేసుకున్నాడు. మా ఆవిడ ఉంటే ఇది విని అక్కకంటే ముందు ఏడ్చేది.

వదిన ఏడవలేదు. పకపకా నవ్వేసింది, చెవులకు హెడ్‌ఫోను ఉండటంతో ఎంత గట్టిగా నవ్వుతోందో తనకే తెలియలేదు. కళ్లలోంచి మాత్రం నీళ్లు కారిపోతున్నాయి. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"నేనేనమ్మా కొట్టింది!" అంది వదిన ఆమె చెయ్యి పట్టుకుని.

"అయ్యో, ఎవర్నండీ?" ఆ పిల్ల హడలిపోయింది.

"ఆయన్నే అనుకున్నానమ్మా ఇన్నేళ్లూ," అంది వదిన కళ్లు తుడుచుకుంటూ, "కాగితాన్నేనట."