పాత పైపు

పామర్రు దాటగానే కారులో పెట్రోలు వాసన గుప్పుమంది. కారు నడుపుతున్న సంజీవరావుకు పొద్దున చేసిన పని గుర్తొచ్చింది. చల్లపల్లిలో పాతకార్ల పోటీ. కొత్త పార్టు కనబడితే మార్కులు పోతాయని, పొద్దున్నే మంచి పెట్రోలు పైపు ఊడదీసి, కారుతో పుట్టిన అరవై ఏళ్ల రబ్బరు పైపు బిగించాడు. ఆ సంగతి పక్కన కూర్చున్న భార్య మార్తకు చెప్పలేదు.

వెనక కారులోంచి క్లబ్బు మిత్రుడు అచ్యుతరామారావు ఒకటే కేకలు. "ఆపండి సంజీవరావు గారూ! కింద కారిపోతోంది!"

సంజీవరావు ఇంజను ఆపి, మార్తను చెయ్యి పట్టి దింపేశాడు. బానెట్ ఎత్తితే, చిట్లిన పైపులోంచి పెట్రోలు కాగిన సైలెన్సరు గొట్టానికి బెత్తెడు దూరంలో రాలుతోంది. ముగ్గురూ చేలగట్టు మీదికి పరుగెత్తారు.

ఇంజను చల్లారాక సంజీవరావు డిక్కీలోంచి గుడ్డ మూట తీశాడు. మార్త విప్పి చూసింది.

"ఇది మొన్న వేయించిన పైపేగా? పొద్దున తీసేశారా?"

"కొత్తది కనబడితే పోటీలో మార్కులు పోతాయని..." అన్నాడతను.

"మరి తెలిసి తెలిసి నన్నెందుకు ఎక్కించుకున్నారండీ?"