భాగం కుదరని నొప్పి

ఆ ఆసుపత్రిలో నర్సు పొద్దున్నే వచ్చి ముందు జ్వరం చూసేది, తర్వాత రక్తపోటు చూసేది, ఆపైన రోగి అరచేయి తిప్పి అక్కడ తేలిన నొప్పి అంకె చదివేది. అది శేషం మిగలకుండా ఎంతమందికి భాగం పోతే అంతమంది ఇంటివాళ్లు చేయీ చేయీ కలిపి నొప్పి పంచుకోవచ్చు. కిటికీ పక్క మంచం తాతకి చివర సున్నా వచ్చింది. పదిమంది మనవలు తలాకాస్త తీసుకుని, కుంటుకుంటూ నవ్వుకుంటూ ఆయన్ని ఇంటికి తీసుకుపోయారు.

ఎదుటి మంచంలో బట్టలు కుట్టే అమ్మ. ఎముకల జబ్బు. ఆమె అంకె రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు.

"బేసి, ఇద్దరికి పోదు. అంకెలన్నీ కూడితే నలభై ఆరు, ముగ్గురికీ పోదు," అంది నర్సు.

కొడుకు బాబాయిలనీ మేనత్తలనీ పోగేశాడు. ఏడుగురిని నిలబెట్టారు, పదకొండు మందిని, పదమూడు మందిని. ప్రతిసారీ శేషమే. చివరికి పెద్ద డాక్టరు తేల్చేశాడు. "ఇది ప్రధాన సంఖ్య. మోస్తే ఒక్కరే మొత్తం మోయాలి."

"మేం సిద్ధమే. లెక్కే కుదరకపోతే ఏం చేస్తాం?" అన్నాడు కొడుకు. పెద్ద కూతురు కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ మెట్లు చకచకా దిగిపోయారు.

చిన్న కూతురు బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి వచ్చేసరికి, మూలుగు బయటికి వినపడకుండా అమ్మ దిండు కొరుకుతోంది. మందు పనిచేసి ఆమె కన్నంటుకున్నాక, ఆ చేతిలో చేయి పెట్టి మొత్తం తీసుకుంది. నిలబడలేక అక్కడే కూలబడింది.

అమ్మ లేచేసరికి ఒళ్లు దూదిపింజలా ఉంది. పక్క మంచం మీద కూతురు ముడుచుకుని ఉంది.

"ఎందుకు చేశావే ఈ పని? బస్సెవరు నడుపుతారు?"

"ఎవరో ఒకరు నడుపుతార్లే అమ్మా."

నర్సు కూతురి అరచేయి చూసింది. "మొత్తం ఒకరే తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చేయి మారాక ఒకటి పెరిగింది. ఇప్పుడు చివర నలభై ఎనిమిది. నలుగురికి సమానంగా పోతుందమ్మా. మీరూ, మీ ముగ్గురు పిల్లలూ చాలు."

అమ్మ కొడుక్కి ఫోన్ చేసింది. అతను అంతా విన్నాడు. "షాపులో జనం ఉన్నారమ్మా, మళ్లీ చేస్తా," అన్నాడు. పెద్ద కూతురి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

మర్నాడూ ఎవరూ రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా అమ్మ లేచి చూసింది. చివరికి చూడటం మానేసింది.

"ఇద్దరికైతే పోతుందిగా?" అని నర్సునడిగింది.

"పోతుంది."

"వద్దమ్మా," అంది కూతురు.

"కాస్త జరగవే," అంటూ అమ్మ ఆ మంచం ఎక్కి కూతురి చేయి పట్టుకుంది.

ఆ సగమే మనిషిని లేవనివ్వనంత ఉంది. ఇక అమ్మ మిషను తొక్కలేదు, కూతురు బస్సెక్కలేదు.

"లెక్క కుదరకపోయినా బాగుండేది, అందుకే వాళ్లు రాలేదనుకునేదాన్ని," అంది అమ్మ, గోడవైపు తిరిగి.