పుల్లక్క

వేడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని పుల్లక్క వెనక్కి నడిచింది. అవతలి కొసలు పట్టుకున్న పొడుగమ్మాయి దాన్ని గట్టిగా విదిలించి, మడతకు ఎదురొచ్చింది. లాండ్రీలో పొద్దున్నుంచీ ఇదే పని. ఆవిరికి గోడలు చెమట పట్టాయి. పుల్లక్క ఎముకల చేతుల మీద పాత ఇస్త్రీ వాతలు నల్లగా, నున్నగా మెరుస్తున్నాయి. పుల్లలా సన్నగా, గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుందని అక్కడివాళ్లు పెట్టిన పేరు పుల్లక్క.

వీపులో, రెండు భుజాల మధ్య, ఏదో మండుతోంది. దవడ కూడా లాగుతోంది.

"అక్కా, మొహమంతా చెమటలు. కాసేపు కూర్చోరాదూ?" అంది పొడుగమ్మాయి.

"ఈ కొలిమిలో ఎవరికి పట్టదే చెమట? పన్ను నొప్పిలే. ఊడేదేదో ఊడితే పీడా పోతుంది."

రెండేళ్ల కిందట మొగుడికి ఆయాసం వస్తే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది ఆమే. ఆయన బస్సు డ్రైవరు; పొట్ట స్టీరింగుకు తగిలేది. పనిలో పనిగా ఇద్దరి రక్తమూ పరీక్షించారు. ఆయన కొలెస్ట్రాల్ హద్దుకు కాస్త పైన ఉంది. ఆమెది చూసి డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"మీ ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో గుండెజబ్బుతో పోయారా?"

"మా నాన్న. అన్నం తింటూ తింటూనే ఒరిగిపోయాడు."

"ఇది ఒంటి లావును బట్టి వచ్చేది కాదమ్మా. మీ వంశంలోనే ఉన్నట్టుంది. నొప్పీ తెలియదు, నలతా తెలియదు. రక్తనాళాల్లో కొవ్వు మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. మాత్ర మానకండి."

దారిలో మొగుడు పగలబడి నవ్వాడు. "తినేది నేను, పేరుకునేది నీకా? నా పాపం నీకు చుట్టుకుందే!"

కొన్నాళ్లు మింగింది. ఏ తేడా తెలియలేదు. కనిపించని జబ్బుకు మందెందుకని మానేసింది. ఆపైన ఆమె కాపలా అంతా ఆయన మీదే. వేపుళ్లు మాన్పించింది, రోజూ నడకకు తరిమింది. ఆయనకు పెట్టని మీగడ పారెయ్యడానికి మనసొప్పక తనే తినేసేది. నేనెంత తిన్నా ఒంటికి పట్టదుగా, అనేది. ఆయన పొట్ట కరిగింది.

ఎండ వాలాక ఇంటికొస్తూ మెట్ల మధ్యలో ఆగింది. మళ్లీ నాలుగు మెట్లెక్కి మళ్లీ ఆగింది. మొగుడు తలుపు తీశాడు.

"ఇంకా నడకకు పోలేదా?"

"ఈ పూటకి వదిలెయ్యవే. నీ మొహమేంటి అలా పీక్కుపోయింది? డాక్టరు దగ్గరికి పోదాం పద."

"నా మొహం ఎప్పుడు నిండుగా ఉంది గనక! సాకులొద్దు, బయల్దేరు."

ఆయన గొణుక్కుంటూ చెప్పులేసుకున్నాడు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు మునుపటంత బరువుగా లేదు. అది విని ఆమెకు తృప్తిగా అనిపించింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని చాకు చేతిలోకి తీసుకుంది. పని అయ్యాక మంట వీపు నుంచి ఎడమచేతిలోకి దిగింది. కాసేపు ఇలా ఆనుకుంటే అదే సర్దుకుంటుంది అనుకుంటూ గోడకు జారగిలబడింది.

"చూశావా, ఎక్కడా ఆగకుండా పార్కు చుట్టొచ్చా!" అంటూ ఆయన తిరిగొచ్చాడు. వంటింట్లోకి తొంగి చూశాడు. భుజం కుదిపాడు. పెళ్లయిన కొత్తలో తప్ప మళ్లీ పిలవని అసలు పేరుతో పిలిచాడు. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆ తర్వాత అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగినతను నాడి చూసి, ఆమె చేతిని మెల్లగా తిరిగి ఆమె ఒళ్లోనే పెట్టాడు.

గట్టు మీద పళ్లెంలో, తొక్క తీసి, గింజలు ఏరి, ఆయన కోసం కోసిపెట్టిన యాపిల్ ముక్కలు రంగు మారుతున్నాయి.