మిన్నెసోటా టైర్లు

శశికాంత్ పేరు వింటే చాలు, ఉమాకాంత్‌కి ఒళ్లు మండేది. అమెరికాలో, బెంటన్‌విల్‌లోని వాళ్ల అపార్ట్‌మెంట్లలో ఏ తెలుగువాళ్లకి రైడ్ కావాలన్నా ఒకప్పుడు ఉమాకాంత్‌నే పిలిచేవారు. ప్రాజెక్ట్ మారి శశికాంత్, చలికాలమంతా మంచులో మునిగుండే మిన్నెసోటా నుంచి దిగాక ఆ పెద్దరికం కాస్తా పోయింది. మొదటి ఐస్ పడిన రోజు అందరూ తలుపులు బిగించుకుని కూర్చుంటే, శశికాంత్ కారేసుకుని వెళ్లి ఇంటింటికీ పాలు తెచ్చిచ్చాడు.

"ఆయనవి మిన్నెసోటా నుంచి తెచ్చిన స్నో టైర్లట. మంచు ఆయన్నేం చేస్తుంది!" అన్నారు అందరూ. అన్నవాళ్లలో ఉమాకాంత్ భార్య రజిని కూడా ఉంది. అసలు మంట అదీ.

ఇప్పుడు రజిని తల్లి బాలమణి మొదటిసారి అమెరికా వస్తోంది. ఆవిడ దిగే శుక్రవారమే మళ్లీ ఐస్ పడుతుందని టీవీలో చెప్పారు.

"మనవి ఆల్ సీజన్ టైర్లే కదండీ. పోనీ ఎయిర్‌పోర్ట్‌కి శశికాంత్ గారిని రమ్మననా?" అంది రజిని.

"మీ అమ్మని తీసుకురావడానికి ఊళ్లోవాళ్లెందుకు? నేను చచ్చానా?"

మర్నాడే టైర్ల షాపుకి పరిగెత్తాడు. ఈ ఊరి మంచుకి ఆల్ సీజన్ చాలు, మెల్లగా నడుపుకో, కాదంటే నాలుగూ వింటర్ టైర్లే వేయించుకో, రెండు మాత్రం వేయించకు అని షాపతను చెప్పాడు. నాలుగు కొనడానికి ఉమాకాంత్‌కి చేతులు రాలేదు, శశికాంత్ ముందు తగ్గడానికి మనసొప్పలేదు. బండిని లాగేవి ముందు చక్రాలే కదా అని ముందుకి రెండు వేయించాడు. ఇంటికొచ్చి నిమ్మకాయలు తొక్కించాడు కూడా, ఆ రెండింటి కిందే.

శుక్రవారం రజినితో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి, అత్తగారిని ఎక్కించుకుని బయల్దేరాడు. కారు ఐస్ మీద ఒద్దికగా పోతుంటే అతనికి ఛాతీ ఉప్పొంగింది.

"చూశారా అత్తయ్యగారూ, వింటర్ టైర్లు!" అంటూ మలుపు తిప్పాడు. ముందు భాగం తిరిగింది. వెనక భాగం మాట వినలేదు. కారు గిర్రున తిరిగి రోడ్డు పక్క గడ్డిలో దిగబడింది. దెబ్బలు తగల్లేదు గానీ బాలమణి కళ్లు గట్టిగా మూసుకుని వెంకటేశ్వరుణ్ణి పిలుస్తూనే ఉంది. రజిని ఫోన్ తీసింది. ఎవరికని ఉమాకాంత్ అడగలేదు.

శశికాంత్ వచ్చి బాలమణిని చెయ్యి పట్టుకుని దింపాడు. ఉమాకాంత్ ఉండబట్టలేకపోయాడు.

"మీకేంటండీ, మిన్నెసోటా టైర్లు!"

"ఎవరన్నారు? వాటిని అక్కడే అమ్మేసొచ్చా. ఇవి మామూలు ఆల్ సీజనే. మెల్లగా నడుపుతా, అంతే."

ఉమాకాంత్ వంగి చూశాడు. నిజమే. అవి స్నో టైర్లయినా బాగుండేదని ఏడుపొచ్చింది.

బాలమణి శశికాంత్ కారు ముందు సీట్లో కూర్చుంది. ఉమాకాంత్ వెనక, రజిని పక్కన, అత్తగారి పెట్టె ఒళ్లో పెట్టుకుని ఒదిగాడు.

"తిరిగెళ్లేటప్పుడు కూడా నువ్వే దింపు బాబూ," అంది బాలమణి.

"అప్పటికి జూలై అత్తయ్యగారూ, మంచుండదు," అన్నాడు ఉమాకాంత్ పెట్టె వెనక నుంచి.