బల్ల మీద ఒక్క ‘ఎస్’

నాన్న పోయాక ఆస్పత్రి తోటలో ఆయన పేరిట ఒక రాతిబల్ల వేయిద్దామని అన్నది కూతురే. డయాలసిస్‌కి వచ్చినప్పుడల్లా, పిలుపొచ్చేదాకా ఆయన ఏళ్ల తరబడి కూర్చున్నది ఆ తోట గోడవారనే. పక్కన ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నదీ ఆ కూతురే. కొడుకులిద్దరూ చుట్టపుచూపుగా వచ్చి, నిలబడే పలకరించి, వాచీ చూసుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

బల్ల అనేసరికి మాత్రం తగుదునమ్మా అంటూ ఇద్దరూ ఊడిపడ్డారు. ఆయన లేని లోటు మా కుటుంబానికి తెలుస్తోందని దాని మీద ఇంగ్లీషులో చెక్కించాలన్నారు. అక్కడే వచ్చింది తంటా. ‘ఫ్యామిలీ’ తర్వాత ‘మిస్’ అనాలా, చివర ఎస్ తగిలించి ‘మిస్సెస్’ అనాలా?

అన్నయ్య కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. రాళ్లు చెక్కే కొట్లోనే పాఠం మొదలెట్టాడు. “కుటుంబం అంటే ఒక్కటేరా. ఏకవచనం. మిస్సెస్!”

తమ్ముడిది విదేశీ కంపెనీలో ఉద్యోగం. “అందులో ముగ్గురం ఉన్నాం కదన్నయ్యా. బ్రిటిష్ వాళ్లయితే బహువచనం వాడతారు. మిస్!”

చెక్కేవాడు ఉలి పట్టుకుని బిక్కమొహం వేశాడు. “మిస్సా, మిస్సెస్సా? ఇంతకీ అమ్మాయిగారికి పెళ్లయిందా లేదా సార్?”

ఆవిడకి నవ్వాగలేదు. వాళ్లిద్దరికీ నవ్వు రాలేదు. తండ్రి పాడె మొయ్యడానికి కూడా ఇంత ఆయాసపడలేదు మహానుభావులు.

“రాత్రిళ్లు నాన్న దగ్గర ఎవరుంటారని డాక్టరు అడిగినప్పుడు కుటుంబం ఏకవచనమే,” అంది ఆవిడ. “నేనొక్కదాన్నే. బల్ల మీద పేరు పడేసరికి బహువచనం అయిందా?”

అన్నయ్య వాచీ చూసుకున్నాడు. తమ్ముడికి ఉన్నట్టుండి ఫోన్‌లో పని పడింది. మేం తేల్చుకుని చెప్పేదాకా రాయి ముట్టుకోవద్దని చెక్కేవాడికి హుకుం జారీచేసి, చెరో దారిన పోయారు.

ఆవిడ పోలేదు. “ఆ ఫ్యామిలీ అన్న మాటే తీసెయ్యండి,” అంది.

“మరి లోటు ఎవరికమ్మా?”

“నాకు.”

‘ఐ మిస్ హిమ్’ అని చెక్కాడతను. ఎస్ గొడవే లేదు.

బల్ల వేసిన రోజు అన్నదమ్ములు వస్తారంటే ఆవిడ గొడవకి సిద్ధపడే ఉంది. అన్నయ్య వంగి చదివి తలాడించాడు. “వ్యాకరణం సరిపోయింది.” తమ్ముడు కూడా చదివాడు. ‘ఐ’ అంటే ఎవరని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఒకరి తర్వాత ఒకరు ఆ అక్షరాల పక్కన కూర్చుని, మొహం దిగాలుగా పెట్టి, ఆవిడ చేతికే ఫోనిచ్చి ఫోటో తీయించుకున్నారు.

సాయంత్రానికల్లా రెండు ఫోటోలూ ఊరంతా తిరిగాయి. “ఎంత ప్రేమండీ మీ అన్నదమ్ములకి!” అంది ఎదురింటావిడ.

“అవునండీ, చూసి నాకే నోట మాట రాలేదు,” అంది ఆవిడ.