నేల కోసమే విడాకులు

జెరూషా నోటికి, అమెరికా తీరాన ఉన్న ఆ చిన్న దీవిలో పాస్టరు కూడా జంకేవాడు. అలాంటి మనిషి, చర్చి హాల్లో చుట్టపక్కాలందరి ముందూ, మనవరాలి వయసున్న లాయరు అడిగిన చిన్న ప్రశ్నకి నీళ్ళు నమిలింది.

"మీ ఆయన ఉన్నారా పెద్దమ్మా?"

"లేడు."

"పోయారా?"

"పోలేదు. సవానా పట్నంలో ఉన్నాడు."

హాలంతా గొల్లున నవ్వింది. లాయరు మోనిక్ మాత్రం నవ్వలేదు.

ఆ దీవి వాళ్ళకి కోర్టంటే గిట్టదు. గిట్టమంటే ఎలా గిట్టుతుంది? బానిసతనం వదిలిన కొత్తలో ముత్తాత టైటస్ ఒళ్ళు హూనం చేసుకుని కొన్న నేల అది. ఆ రోజుల్లో కాగితం పట్టుకుని కోర్టుకెళ్ళిన నల్లవాడు కాగితమూ నేలా రెండూ పోగొట్టుకుని తిరిగొచ్చేవాడు. అందుకే టైటస్ వీలునామా రాయలేదు, ఆయన పిల్లలూ రాయలేదు, వాళ్ళ పిల్లలూ రాయలేదు. ఎవరైనా పోతే వాగొడ్డున పూడ్చిపెట్టి, టమాటాలేసిన ఎర్రన్నం వండుకు తిని, ఎవరింట్లో వాళ్ళు ఉండిపోవడమే. నేల మొత్తం మీద అందరికీ హక్కుంది, దస్తావేజు మాత్రం ఇంకా టైటస్ పేరు మీదే ఉంది.

పెళ్ళిళ్ళదీ అదే వరస. కలవడం చర్చిలో, విడిపోవడం గుమ్మంలో. నలభై ఏళ్ళ కిందట జెరూషా తన మొగుడు లూషస్ బట్టలు గోనెసంచిలో కుక్కి మెట్ల మీదికి విసిరేసి, లోపల గడియ పెట్టుకుంది. దీవి లెక్కలో ఆ పెళ్ళి ఆ రోజే చచ్చింది. కోర్టుకి ఆ కబురు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇప్పుడేమో గోల్ఫ్ మైదానాల కంపెనీ ఒకటి వచ్చి దీవి మీద కన్నేసింది. ఎక్కడో ఉన్న ఒక్క వారసుడి వాటా కొనడం, ఆ వాటా అడ్డం పెట్టుకుని మొత్తం నేలని కోర్టు చేత వేలం వేయించడం దాని పద్ధతి. వాగు అవతలి కుటుంబం అలాగే రోడ్డున పడింది. ఆ గతి వీళ్ళకి పట్టకూడదని మోనిక్ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. నేలంతా ఒక ట్రస్టు కింద పెట్టేస్తే ఏ ఒక్కరూ విడిగా అమ్మలేరు. కానీ టైటస్ వారసులెవరో కోర్టు తేల్చేసరికి ఏడాది పైనే పడుతుంది. ఈలోగా ఎవరికైనా ఏదైనా అయితే వాటా చెదిరిపోకుండా వీలునామాలు రాయాలి. గొణుక్కుంటూనే అందరూ సరేనన్నారు. చిక్కల్లా జెరూషా దగ్గరే వచ్చింది.

"మీరు వీలునామా రాసినా సరే, కట్టుకున్నవాడు మూడోవంతు అడిగి పుచ్చుకోవచ్చు పెద్దమ్మా," అంది మోనిక్. "కంపెనీ వాళ్ళు ఇప్పటికే ఆయన్ని కలిశారట. మీ తర్వాత ఆయనకి వచ్చింది కొనుక్కుంటామని మాట తీసుకున్నారట."

వేసవి చివర్లో జెరూషాకి గుండె ఆపరేషను. బల్ల మీంచి లేస్తుందో లేదో డాక్టరే గట్టిగా చెప్పలేదు. లేవకపోతే, గుమ్మంలోంచి గెంటేసిన మనిషి చేతిమీదుగా టైటస్ నేల కంపెనీకి పోతుంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చావు భయం ఆ మంటలో ఎటు పోయిందో పోయింది.

లూషస్ తన హక్కు వదులుకుంటున్నట్టు మోనిక్ రాసిచ్చిన కాగితం సంచిలో పెట్టుకుని సవానా వెళ్ళింది. లూషస్ వరండాలో కూర్చుని ఆయాసపడుతున్నాడు. అతను తర్వాత చేరదీసిన రెండో ఆవిడ ఎప్పుడో పోయింది. మంచినీళ్ళు తాగమన్నాడు. జెరూషా అక్కర్లేదంది.

"సంతకం పెడతానే," అన్నాడు. "కంపెనీ డబ్బు ఈ వయసులో ఏం చేసుకుంటాను? కానీ పోయాక నన్ను డెల్ఫీన్ పక్కన పెట్టాలి. దాని తండ్రిని, నీ మొగుణ్ణి. నాకు హక్కుంది."

డెల్ఫీన్ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయింది.

"దాన్ని పూడ్చిన రోజు నువ్వెక్కడున్నావు లూషస్?"

అతను తల దించుకున్నాడు. ఎక్కడున్నాడో, ఎవరింట్లో ఉన్నాడో ఇద్దరికీ తెలుసు.

"హక్కట, హక్కు. ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?" అని కాగితం మళ్ళీ సంచిలో పెట్టుకుని లేచింది.

తిన్నగా మోనిక్ దగ్గరికెళ్ళి విడాకులకి వెయ్యమంది. చర్చి ముక్కున వేలేసుకుంది. డెబ్బై దాటాక విడాకులేమిటి, అదీ చర్చిలో పెద్దరికం చేసే మనిషికి! పాస్టరు ఇంటికొచ్చి, ఒక్క గొయ్యే కదా సిస్టర్, ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుందని మెల్లగా నచ్చజెప్పబోయాడు. అంత జాలిగా ఉంటే మీ అమ్మ పక్కన చోటివ్వండి అంది జెరూషా. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ కుటుంబంలో తనంతట తాను కోర్టు మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. ఆదివారం టోపీ పెట్టుకుని మరీ ఎక్కింది. గొయ్యి మాట కాదన్నందుకు ఉడుక్కున్న లూషస్ పక్కన ఖరీదైన సూటు లాయరొకడు కూర్చున్నాడు. ఆ సూటు కంపెనీదని వేరే చెప్పాలా? ఏడాది పాటు ఒక్క రాత్రీ కలిసి ఉండకుండా ఎడంగా ఉంటేనే విడాకులు ఇస్తారు కాబట్టి ఆ లాయరు అక్కడే పట్టుకున్నాడు. పోయిన శరదృతువులో తుఫాను పూర్తిగా వెలవకముందే లూషస్ దీవికెళ్ళి ఆ రాత్రి ఈవిడింట్లోనే ఉన్నాడన్నాడు. పైగా ఇదంతా ఆస్తి కోసం ఆడుతున్న నాటకమన్నాడు.

జడ్జి జెరూషాని చూసి, ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకమ్మా, నేల కోసమేనా అని అడిగాడు. మోనిక్ కళ్ళతోనే వద్దు వద్దంది.

"నేల కోసమేనయ్యా," అంది జెరూషా. "నా కోసమైతే ఆ రోజు పెట్టిన గడియే చాలు."

"మరి తుఫానప్పుడు ఆయన రాలేదా?"

"వచ్చాడు. తుఫానుకి తడిసి కుక్కొచ్చినా వరండాలో చోటిస్తాను."

జడ్జి లూషస్ వైపు తిరిగాడు. సూటు లాయరు అతని చెవిలో ఏదో ఊదుతున్నాడు. ఇంట్లో పడుకున్నానని ఒక్క ముక్క అంటే చాలు, కేసు వెనక్కి పోతుంది. ఏడాది ఆగే ఓపిక తన గుండెకి లేదని జెరూషాకి తెలుసు. అయినా బతిమాలే చూపు చూడలేదు. కళ్ళలో కళ్ళు పెట్టి చూసింది.

"వరండాలోనే పడుకున్నానయ్యా," అన్నాడు లూషస్. "తలుపు తియ్యలేదు. నేనూ తట్టలేదు. జెరూషా కోసం వెళ్ళలేదు. వాగు పొంగిందంటే పాప సమాధి కొట్టుకుపోయిందేమోనని చూడ్డానికెళ్ళా."

జెరూషాకి ఆ సంగతి తెలియదు. తలదాచుకోను వచ్చాడనుకుంది ఇన్నాళ్ళూ.

జడ్జి విడాకులిచ్చాడు. సూటు లాయరు ఎవరికీ చెప్పకుండా జారుకున్నాడు. మోనిక్ వీలునామా సంతకానికి సాక్షుల్ని పక్కగదిలో సిద్ధంగా ఉంచింది. అటు వెళ్తూ జెరూషా వసారాలో బల్ల మీద ఒంటరిగా కూర్చున్న లూషస్ ముందు ఆగింది.

"ఇప్పుడు నువ్వు నాకేమీ కావు. నీకే హక్కూ లేదు."

"తెలుసు."

"అయితే ఇప్పుడడుగు."

లూషస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పాప దగ్గర కాస్త చోటిస్తావా జెరూషా?"

"పక్కన కుదరదు. ఒక పక్క మా అమ్మ ఉంది, రెండోది నాది," అంది ఆమె. "దాని కాళ్ళ దగ్గర ఖాళీ ఉంది. అక్కడ పడుకో."