నర్సింగమ్మ ఫోన్ ఎవరు చూస్తున్నారు?

ఇంటికి తాళం వేసి ఉంది. ఆ ఇంటి మనిషి ఫోన్‌లో మాత్రం వీడియో నడుస్తూనే ఉంది.

నవనీత చేతిలోని తెరను మళ్లీ చూసుకుంది. నర్సింగమ్మ, కట్టంగూర్. పేరు పక్కన పచ్చచుక్క. తెల్లవారినప్పటి నుంచి ఆ చుక్క ఆరలేదు.

"గామె లేదు బిడ్డా," పక్కింటి లీలమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది. "మొక్కుండె. నిన్ననే యాదగిరిగుట్టకు పోయింది."

"ఫోన్ తీస్కపోయిందా అక్కా?"

"ఏడ తీస్కపోతది? గది ఎప్పుడు బాయికాడ చేన్లనే ఉంటది. పొద్దుగాల మా ఆయన పోయి ఆన్ చేసొచ్చిండు."

"ఎందుకు?"

"నువ్వే పోయి సూడరాదు!"

నవనీత చేను వైపు నడిచింది. ఆమె నల్గొండలో పీహెచ్‌డీ చేస్తోంది. సోషల్ మీడియా పల్లె మనుషుల నడవడిని ఎలా మారుస్తోందన్నది అంశం. వాళ్ల అనుమతితోనే ఫోన్లలో ఒక యాప్ పెట్టించింది. ఎవరు ఏ వీడియో ఎంతసేపు చూస్తున్నారో అది చెబుతుంది. అందరూ పొద్దుగూకాక కాసేపు చూసి పడుకునేవాళ్లే. నర్సింగమ్మ ఒక్కతే పొద్దంతా ఒకటే వీడియో. అందులో ఒక కొండముచ్చు అరుస్తూ ఉంటుంది.

అది చూసి గైడ్ శ్రీశైలం సార్ ఎగిరి గంతేశాడు. పక్క చేను చూసి పత్తి పెట్టే రైతులాగా, సార్ పక్క యూనివర్సిటీని చూసి అంశం పెడతాడు. మొదట వ్యసనం అన్నాడు. తర్వాత ఫేక్ న్యూస్ అన్నాడు. ఇప్పుడు ఒంటరితనం.

"లోకమంత ఒంటరితనం మీదనే రాస్తున్నరు నవనీతా. మనకు దేవుడిచ్చిన అవ్వ దొరికింది. గామెనే నీ థీసిస్!"

ఫోన్ చేసి అడిగితే నర్సింగమ్మ కూడా, "గా కొండముచ్చు లేకుంటె నాకెట్ల ఎల్తది బిడ్డా!" అంది. ఆ మాట నాలుగో అధ్యాయానికి శీర్షిక అయింది.

రేపే సెమినార్. గడువు పొడిగించడం ఇదే ఆఖరుసారి. రేపు గట్టెక్కకపోతే యూనివర్సిటీలో ఆమె పేరు కొట్టేస్తారు. హైదరాబాద్ నుంచి పరీక్షకురాలిగా వచ్చే శ్రీవాణి మేడం ఎవరినీ ఊరికే వదలదు. అవ్వ ఫోటో ఒకటి చూపిస్తే బలంగా ఉంటుందని నవనీత బస్సెక్కి వచ్చింది.

చేను చేరకముందే కొండముచ్చు అరుపు వినిపించింది. మక్కచేను గట్టున, బోరు స్టార్టర్ డబ్బా పక్కన, చార్జింగ్ పెట్టిన ఫోన్ కట్టెకు కట్టి ఉంది. దానికో స్పీకర్. కొండముచ్చును చూస్తే కోతులు పారిపోతాయి. అందుకే ఈ ఏర్పాటు.

కోతులు పారిపోలేదు. మూడు కోతులు తలా ఒక మక్క కంకి పట్టుకుని, ఫోన్ ముందు వరసగా కూర్చుని, రెప్ప వేయకుండా చూస్తున్నాయి.

నవనీత ఫోటో తీసింది. తీశాక గట్టు మీద కూలబడింది.

సాయంత్రానికి నర్సింగమ్మ గుట్ట లడ్డూతో నేరుగా చేనుకే వచ్చింది. సంగతి విని బుగ్గలు నొక్కుకుంది.

"మొదాలు మంచిగనే ఉరికినయి బిడ్డా. గిప్పుడు సీన్మకు వచ్చినట్టు వస్తున్నయి."

"అవ్వా, నీకు ఒంటరిగ అనిపిస్తదా?" నవనీత ఆఖరి ఆశతో అడిగింది.

"ఇంట్ల ఎనిమిది మందిమి! పొద్దుగాల తాళమేసి పనులకు పోతరు గని, పొద్దుగూకితె ఒకటే లొల్లి. జర ఒంటరిగ ఉందామనే గుట్టకు పోయిన. ఆడ గూడ జనమే." నర్సింగమ్మ ఆమె ముఖం చూసి జాలిపడింది. "గంత ఫికరెందుకు? ఫోన్ పట్టుకొని ఏడుపు మొఖం పెడత. తియ్యి ఫోటో. నువ్ పాస్ గావాలె గద."

పెట్టింది కూడా. ఆమె కళ్లు దిగులుగా దించిన క్షణంలో నవనీత ఫోన్ ఎత్తింది. ఆ ఒక్క ఫోటో చాలు. కానీ నర్సింగమ్మకు నవ్వు ఆగలేదు. నవనీతకూ ఆగలేదు.

మర్నాడు సెమినార్ హాల్లో శ్రీవాణి మేడం నేరుగా నాలుగో అధ్యాయం తెరిచింది.

"ఈ నర్సింగమ్మను నువ్వు చూసినవా?"

శ్రీశైలం సార్ తల ఊపమని సైగ చేశాడు. నవనీత తెర మీద ఫోటో పెట్టింది. మూడు కోతులు.

"ఫోన్ చూసేది వీళ్లు మేడం. నేను ఫోన్‌ను చూసిన, మనిషిని చూడలే. తప్పు నాదే. ఆమె లెక్క తీసేస్తున్న. మిగిలినోళ్లందరు కాసేపు చూసి పండుకుంటున్నరు. గంతే నా థీసిస్."

సార్ చూపు ఫ్యాన్ మీదికి పోయింది. మేడం నాలుగో అధ్యాయం మూసింది.

"మిగిలినోళ్లను చూసినవా మరి?"

"అందరి ఇండ్లకు పోయిన మేడం. ఈమెనొక్కదాన్నే ఫోన్‌ల అడిగిన."

"ఈ యేడు నేను చదివినవాటిల ఒంటరోళ్లు లేని థీసిస్ ఇదొక్కటే," అంది మేడం. "నాలుగో అధ్యాయం తీసేసి సబ్మిట్ చెయ్."

వరండాలో శ్రీశైలం సార్ వెనకే వచ్చాడు. తిడతాడనుకుంది.

"నవనీతా, కోతుల మీద ఎవరన్న రాస్తున్నరా?"

అంతలో ఫోన్ మోగింది. నర్సింగమ్మ.

"పాసైనవా బిడ్డా? ఇగో, కొండముచ్చు తీసేసి టీవీ సీరియల్ పెట్టిన. అత్త ఏడుసుడు మొదలుపెట్టంగనే కోతులు ఒక్కటి ఆగలే, అన్ని ఉరికినయి!"

స్పీకర్‌లో అదంతా విన్న శ్రీశైలం సార్ మెల్లగా జేబులోంచి పెన్ను తీశాడు.